కర్రి తిన్న కేకు ముక్కలు

అమలమ్మకి కోపం వస్తే ముందుగా గొంతు లేవదు, కొంగు బొడ్లోకి దూరుతుంది. ఆ తరవాతే గొంతు. ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ వెనక సందులో ఇరవై ఏళ్లుగా ఉంటున్న వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. కొంగు దోపిందంటే పిల్లలు కూడా క్రికెట్ బ్యాట్లు పట్టుకుని లోపలికి పోతారు.

ఆ క్రిస్మస్ నాడు సాయంత్రం నాలుగింటికి అమలమ్మ కొంగు దోపింది.

గుమ్మం ముందు వేలాడుతున్న కాగితం నక్షత్రం కింద, పొద్దున్నే వేసిన ముగ్గు మీద, కర్రి వాంతి చేసుకుంది. ఒకసారి కాదు, మూడోసారి. కర్రి అంటే వాళ్ల కుక్క. నల్లగా ఉంటుంది కాబట్టి కర్రి. నిజానికి అది వీధి కుక్కే. ఆరేళ్ల కిందట తుపాను రోజున పిల్లగా వచ్చి అమలమ్మ ఇంట్లో బియ్యం డబ్బా వెనక దూరింది, మళ్లీ బయటికి పోలేదు. అమలమ్మ భర్త ఆమోసు చీపురు పట్టుకొచ్చి కడగబోయాడు.

"ఆగండి, కడక్కండి," అంది అమలమ్మ.

వంగి చూసింది. చీపురు పుల్లతో కదిపి చూసింది. నల్లగా ఉబ్బిన కిస్మిస్‌లు. ఎర్రవీ పచ్చవీ టూటీ ఫ్రూటీ ముక్కలు. ఆ కిస్మిస్‌లని ఆవిడ గుర్తుపట్టలేకపోవడమేంటి? నవంబరు మొదటివారంలో సీసాలో పోసి, ద్రాక్ష రసంలో నానేసి, నెల్లాళ్లపాటు రోజూ ఒకసారి సీసా తిరగేసి పెట్టింది ఆవిడే. మైదా, గుడ్లు, నెయ్యి, బెల్లం పాకం అన్నీ కలిపి బేసిన్‌తో బేకరీకి మోయించుకెళ్లి, బట్టీ దగ్గర నిలబడి కాల్పించుకొచ్చింది ఆవిడే. పిండి తక్కువ, కిస్మిస్ ఎక్కువ. అమలమ్మ కేకంటే చర్చిలో పాస్టరుగారు కూడా రెండో ముక్క అడిగి పుచ్చుకుంటారు.

"మీరు పెట్టారా?"

"నేనెక్కడ పెట్టాను? డబ్బా బీరువా మీద పెట్టావుగా. నాకే అందలేదు," అన్నాడు ఆమోసు.

మరి కర్రికి ఎలా అందింది?

క్యాలెండరు మీద అంటించిన చీటీలో డాక్టరు భానుశ్రీ నంబరుంది. వేసవిలో కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడానికి వచ్చిన పిల్ల. విజయవాడలో పటమట దగ్గర సొంత క్లినిక్కు. పండగ రోజు ఎత్తదేమో అనుకుంది కానీ రెండో రింగుకే ఎత్తింది. విషయం వింటూనే ఆ పిల్ల గొంతు మారిపోయింది.

"కిస్మిస్ కుక్కలకి విషం, ఆంటీ. పచ్చి ద్రాక్షయినా ఎండు ద్రాక్షయినా అంతే. కిడ్నీలు పోతాయి. అన్ని కుక్కలకీ కాదు, కానీ దేనికి పడుతుందో దేనికి పడదో ముందు చెప్పలేం. వెంటనే తీసుకొచ్చేయండి."

"దేవా!"

"ఆంటీ, వినండి. మూడు విషయాలు కావాలి నాకు. ఎన్ని ముక్కలు తింది, ఎప్పుడు తింది, ఇంకేం తింది. ముఖ్యంగా ఎముకలు. కడుపులో ఇంకా మిగిలింది ఉంటే ఇంజెక్షనిచ్చి కక్కిస్తాను. కానీ ఉడికిన కోడి ఎముకలు కూడా తిని ఉంటే కక్కించకూడదు, పైకొచ్చేటప్పుడు గొంతు చీరేస్తాయి. అందుకని ఊహించి చెప్పకండి. కనుక్కుని చెప్పండి."

ఫిలిప్ ఆటో కోసం ఆమోసు ఫోన్ చేశాడు. ఊరి చివర ఉన్నాట్ట, పావుగంటలో వస్తానన్నాడు. ఆ పావుగంటే అమలమ్మ చేతిలో ఉన్నది.

మధ్యాహ్నం చర్చి నుంచి రాగానే ఆవిడ మూడిళ్లకి కేకు పంపింది. ఎదురింటి పద్మావతమ్మకి నాలుగు ముక్కలు, వాళ్ల మేడమీద అద్దెకుండే కనకలక్ష్మికి రెండు, పక్కింటి తిరుపతిరావుకి నాలుగు. ఏటా పంపుతుంది. ఏటా ప్లేట్లు కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని గుప్పెడు పంచదారో రెండు అరటిపళ్లో వేసి తిరిగి పంపుతారు. ఏటా "అబ్బ, ఏం కేకండీ" అంటారు. ఇవాళ కూడా ప్లేట్లు తిరిగొచ్చాయి, పంచదారతోనే.

ఎదురింటి అరుగు మీద పద్మావతమ్మ రేపటి గొబ్బెమ్మలకి బంతిపూల రెక్కలు తుంపుతోంది. ధనుర్మాసం. ఆ నెలంతా ఆవిడకి పొద్దున్న పూజ, సాయంత్రం పువ్వులు.

"పద్మావతమ్మగారూ, కేకు ఎట్టా ఉందండీ?"

"బ్రహ్మాండం! ఈసారి మరీ కుదిరింది సుమా. మావాళ్లు ప్లేటు నాకేశారనుకో."

"కర్రికేమైనా పెట్టారా?"

"కర్రికా? దానికెందుకు పెడతాం? మాకే చాల్లేదు."

"కర్రి వాంతులు చేసుకుంటోందండీ. కేకు తిన్నది. అది దానికి విషమంట. మీరు పెడితే పెట్టానని చెప్పండి, ఏమీ అనుకోను. డాక్టరుకి లెక్క చెప్పాలి."

పద్మావతమ్మ చేతిలో బంతిపువ్వు ఆగింది. ఒక్క క్షణం. తరవాత రెక్కలు మళ్లీ రాలాయి.

"అయ్యో పాపం. పెంటకుప్ప మీదేదో తిని ఉంటుంది. మా ఇంట్లో మాత్రం ఒక్క పొడి కూడా మిగల్లేదమ్మా, ఒట్టు."

ఒట్టు కూడా వేసింది. అమలమ్మ ఇంకేమంటుంది? పక్కింటి గేటు తోసింది.

తిరుపతిరావు ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూచే పని చేసి రిటైరయ్యాడు. ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్ల పంచె, నుదుట విభూతి, చెప్పుల్లేవు. సాయంత్రం భజనకి పోవడానికి స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చాడు.

"స్వామీ, కేకు బాగుందా?"

"చాలా బాగుంద..." అంటూండగానే ఆయన చెయ్యి మెడలో పూసల మీదికి పోయింది. మాట అక్కడే తెగిపోయింది. నేల చూశాడు.

"ఏంటి స్వామీ, సగంలో ఆపారు?"

"మాలలో అబద్ధం ఆడకూడదమ్మా. గుడ్డు వేస్తారు కదా కేకులో. మేం ముట్టలేదు. పారేస్తే అన్నపూర్ణని అవమానించినట్టుంటుందని..."

"అని?"

"కర్రికి పెట్టాను. నాలుగూ."

"ఎప్పుడు?"

"మీవాళ్లు ఇచ్చెళ్లిన అయిదు నిమిషాలకే. రెండవుతుందేమో. అప్పుడే ఎదురుగోడ మీంచి పద్మావతమ్మగారు కూడా వేస్తున్నారు. ఆవిడవీ నాలుగు." ఆయన ఇంకా చెప్పనక్కర్లేదు, కానీ మాల మెడలో ఉంది కదా, చెప్పేశాడు. "ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని నవ్వుకున్నాం కూడానమ్మా. క్షమించు."

నవ్వుకున్నారు. కొత్త చీర కట్టుకుని, చర్చి నుంచి వస్తూనే, తాను ఒక ముద్ద అన్నమైనా తినకుండా వీళ్ల ప్లేట్లు సర్దింది. అంచులు విరగని ముక్కలు ఏరి వీళ్లకి పెట్టి, విరిగినవి ఇంట్లో ఉంచుకుంది. వీళ్లు వీధికి చెరోపక్క నిలబడి నవ్వుకున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది అమలమ్మకి.

"మాల లేని ఏళ్లల్లో తిన్నారా స్వామీ?"

తిరుపతిరావు పూసలు వదల్లేదు. "లేదమ్మా," అన్నాడు.

అమలమ్మ వీధి మధ్యకొచ్చి నిలబడింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆవిడ నోట్లోంచి 'గారూ' జారిపోయింది.

"ఏం పద్మావతీ! ప్లేటు నాకింది మీవాళ్లా, మా కుక్కా?"

పద్మావతమ్మ లేచి నిలబడింది. ఒళ్లో రెక్కలన్నీ అరుగు మీద రాలిపోయాయి. "ఏంటమ్మాయ్, మాట జారుతున్నావు?"

"నేను మాటే జారాను. నువ్వు ముద్ద జార్చావు, గోడ మీంచి. తినకపోతే తిననని చెప్పొచ్చుగా? వద్దని వెనక్కి పంపొచ్చుగా? ఒట్టేస్తావా నా మొహమ్మీద? అక్కడ అది చచ్చిపోతూంటే, ఒట్టా?"

"దానికి విషమని నాకేం తెలుసు? నీకు తెలుసా? నువ్వు చేసిన కేకేగా!"

"తెలీదు. అందుకే అడిగాను. అడిగినప్పుడు చెప్పడానికి నీకేం నొప్పి?"

"నీ మనసు కష్టపెట్టకూడదని!"

"నా మనసు సంగతి నేను చూసుకుంటా. నువ్వు మర్యాద కోసం చెప్పిన అబద్ధానికి నా కుక్క కిడ్నీలు పోతున్నాయి!"

ఇక పద్మావతమ్మకీ నషాళానికి అంటింది. నడుం మీద చేతులు వేసుకుని మెట్టు దిగింది. "మర్యాదలు నాకు చెప్పకు అమలమ్మా. చవితికి ఉండ్రాళ్లు పంపితే నువ్వేం చేస్తున్నావు? దసరాకి చక్కెర పొంగలి పంపితే ఏం చేస్తున్నావు? కళ్లకద్దుకుని తింటున్నావా? మీ పెరట్లో జామచెట్టు కింద సత్తు గిన్నెలో పోస్తున్నావు, ఇదే కర్రికి. మా మేడ మీంచి అన్నీ కనిపిస్తాయి. నేనెప్పుడన్నా వీధిలో నిలబడి అరిచానా?"

అమలమ్మ జామచెట్టు వైపు తిరిగి చూసింది. నిజమే మరి. విగ్రహం ముందు పెట్టింది తినకూడదని చిన్నప్పటినుంచీ చర్చిలో విన్నది. వద్దంటే ఎదురింటావిడ చిన్నబుచ్చుకుంటుంది. పారేస్తే పాపం. మధ్యలో కర్రి నోరుంది. ఆ సందులో మర్యాదలన్నీ చివరికి ఆ నోట్లోకే పోతున్నాయి.

కానీ సిగ్గుపడటానికి ఇప్పుడు టైము లేదు. ఎనిమిది ముక్కల లెక్క తేలింది. మిగిలినవి రెండు ముక్కలు. ఇంకోటి కూడా ఉంది, అది తలుచుకోగానే అమలమ్మ తలెత్తి మేడ వైపు చూసింది.

మేడ మెట్ల మీద కనకలక్ష్మి నిలబడి ఉంది. బెజవాడ కోచింగు కాలేజీలో లెక్కలు చెబుతుంది, రోజూ బస్సులో పోయొస్తుంది. పద్మావతమ్మ ఇల్లు ఇచ్చేటప్పుడే షరతు పెట్టింది, వంటింట్లో గుడ్డు కూడా ఉడకకూడదని. ఆ పిల్లకేమో కోడికూరంటే ప్రాణం. అందుకని కేకు ప్లేటు అడుగున గుడ్డ చుట్టి ఒక స్టీలు డబ్బా పంపింది అమలమ్మ. చికెన్ బిర్యానీ.

"కేకు తిన్నావా అమ్మా నువ్వు?"

"తిన్నానాంటీ. రెండూ తిన్నాను. నిజంగా."

ఆ పిల్ల మాట నమ్మొచ్చనిపించింది. పెదవి పక్కన ఇంకా పొడి ఉంది.

"మరి..." అమలమ్మ గొంతు తగ్గించింది. "కర్రికి ఇంకేమన్నా వేశావా? డాక్టరు ఎముకల సంగతి అడుగుతోంది."

కనకలక్ష్మి కళ్లు పద్మావతమ్మ మీదికి పోయి, తిరిగొచ్చాయి.

"ఎముకలా? నా దగ్గర ఎముకలెక్కడివాంటీ?"

"అదేంటి, ఎముకలంటావు? మా మేడమీద ఎముకలేంటి?" అంది పద్మావతమ్మ చెవులు రిక్కించి.

ఏం చేస్తుంది అమలమ్మ? డబ్బా సంగతి పైకంటే ఆ పిల్లకి ఇల్లు పోతుంది. అనకపోతే కర్రికి గొంతు పోతుందేమో. పళ్లు పటపట కొరికింది. అప్పుడే ఫిలిప్ ఆటో సందులోకి తిరిగింది. ఆమోసు పాత దుప్పట్లో చుట్టి కర్రిని ఎత్తుకొచ్చాడు. ఎప్పుడూ ఆటో వెంట మొరుగుతూ పరిగెత్తే కుక్క, తల వేలాడేసింది. ఆమోసు మోచేతి మీద చొంగ కారుతోంది.

"పోన్లే అమలా, ఎక్కు. అక్కడికి పోయి చూసుకుందాం," అన్నాడు ఆమోసు.

"పోన్లే! మీరు పోన్లే అనబట్టే, నేను పోన్లే అనుకోబట్టే ఇది ఇట్టా పడుంది!"

ఎక్కింది. ఆటో కదిలింది. ఫ్యాక్టరీ మలుపులో చెరకు ట్రాక్టర్లు అడ్డమొచ్చి ఫిలిప్ బ్రేకు వేశాడు. వెనకనుంచి కేక వినిపించింది. కనకలక్ష్మి. చెప్పుల్లేవు. చున్నీ మెడలోంచి జారి రోడ్డు మీద ఈడుస్తోంది. వెనకాల సందు మొదట్లో పద్మావతమ్మ, తిరుపతిరావు ఇద్దరూ నిలబడి చూస్తున్నారు.

"ఆంటీ! కక్కించొద్దని చెప్పండి! వేశాను!" ఆ పిల్ల సందంతా వినపడేట్టు అరిచింది. "లెగ్ పీసులవి, రెక్కలవి, అన్నీ వేశాను! చెత్తబుట్టలో వేస్తే ఆవిడ చూస్తుందని కర్రికి వేశాను! మూడింటికి!"

ఆటోలోంచి తల బయటపెట్టి అమలమ్మ పద్మావతమ్మ వైపు వేలు చూపించింది. "ఆ పిల్ల చేత ఇల్లు ఖాళీ చేయించావో, నీ అరుగు మీదే కోడిని కోస్తా!"

ట్రాక్టరు కదిలింది. ఫిలిప్ కంకిపాడు దాకా హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

భానుశ్రీ ఇంజెక్షను సిద్ధం చేసుకునే ఉంది. ఎముకల మాట వినగానే దాన్ని పక్కన పెట్టేసింది. "చెప్పారు కాబట్టి సరిపోయింది," అని, కర్రి ముందుకాలి మీద వెంట్రుకలు గీకి సూది గుచ్చింది. సెలైన్ ఎక్కించింది. రక్తం తీసింది.

"మూడు రోజులు ఎక్కించాలి, ఆంటీ. మూత్రం వస్తూ ఉండాలి. అది ఆగిపోతే మనం చేయగలిగింది పెద్దగా ఉండదు. ఎముకలు మెల్లిగా అరిగి పోవాలి, వాటి మీద కూడా ఒక కన్నేస్తాను. ఇంతకుముందు ఎప్పుడన్నా ఇట్లా కిస్మిస్ తిన్నదా?"

"లేదమ్మా. మా ఇంట్లో కేకు ఏడాదికి ఒకసారే..."

అమలమ్మ ఆగింది.

చక్కెర పొంగలి. నెయ్యిలో వేయించిన జీడిపప్పు, పొంగిన కిస్మిస్. పద్మావతమ్మ చెయ్యి పెద్దది, గరిటెడు వేస్తుంది. మొన్న దసరా తరవాత కర్రి రెండు రోజులు లేవలేదు. ఎవరి దిష్టో తగిలిందని ఆమోసుని తిట్టి, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో పడేసింది.

"తిన్నదమ్మా," అంది. "నేనే పెట్టాను. చాలాసార్లు."

ఆ పిల్ల కాగితం మీద రాసుకుంది. తిట్టినా బాగుండేది. ఇంతసేపూ ఎదుటివాళ్ల మీద రగిలిన మంట వెనక్కి తిరిగి తన మీదే పడితే ఎవర్ని కసురుకోవాలో తెలీక అమలమ్మ ఆమోసుని కసిరింది, కుర్చీ అడ్డంగా వేసుకున్నాడని. ఆయన కుర్చీ జరిపాడు.

మూడు రోజులూ క్లినిక్కు బల్ల పక్కనే ఉంది ఆవిడ. ఇంట్లో పండగ వంటలు ఫ్రిజ్‌లోనే ఉండిపోయాయి. రెండో రోజు రక్తం రిపోర్టు బాగా రాలేదు, భానుశ్రీ మొహం చూస్తేనే తెలిసింది. ఆ రోజు తిరుపతిరావు ఫోన్ చేసి భజనలో కర్రి కోసం కూడా మొక్కానన్నాడు. "మొక్కండి స్వామీ, మీరే పెట్టారుగా," అని పెట్టేసింది. తరవాత పాపం అనిపించింది. అయినా తిరిగి చెయ్యలేదు. నిజం చెప్పాడు కదా అని, నవ్విన నవ్వు ఎక్కడికి పోతుంది?

మూడో రోజు మధ్యాహ్నం కర్రి దానంతటది లేచి, నాలుగు కాళ్లూ వణికిస్తూ నిలబడి, క్లినిక్కు తెల్లటి టైల్సు మీద చెరువు కట్టినట్టు మూత్రం పోసింది. భానుశ్రీ చప్పట్లు కొట్టింది. తుడవడానికొచ్చిన ఆయా దగ్గర గుడ్డ లాక్కుని అమలమ్మే తుడిచింది, ఏడుస్తూ, తిడుతూ. ఎవర్ని తిడుతోందో ఆమోసుకి అర్థం కాలేదు. అందర్నీ అయి ఉంటుంది.

జనవరి రెండో తారీఖు పొద్దున్న. చెరకు పిప్పి వాసనా మంచూ కలిసి సందులో ఆవిరిలా నిలిచి ఉన్నాయి. కర్రి బక్కచిక్కి గుమ్మంలో పడుకుని ఉంది. గేటు చప్పుడైంది. పద్మావతమ్మ. చేతిలో ప్లేటు, దాని మీద అరిటాకు ముక్క.

కనకలక్ష్మి చేత ఇల్లు ఖాళీ చేయించలేదు. మాట్లాడటం మాత్రం మానేసింది. అమలమ్మతో కూడా ఈ వారం పలకలేదు. అలాంటిది ప్లేటుతో వచ్చింది.

"ఏంటది?" అంది అమలమ్మ, లేవకుండానే.

"పొంగలి. ధనుర్మాసం కదా. చెయ్యి ఊరుకోక వండాను."

"కిస్మిస్ వేశావా?"

"వెయ్యకుండా పొంగలేంటి?"

"అయితే పట్టుకెళ్లు. నేను తినను. ఇరవై ఏళ్లుగా తినలేదు. నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ ఎందుకు పంపావు?"

"నాకు గుడ్డు వాసనొస్తే డోకొస్తుందని నీకు తెలీదా? పోయినేడు నీ కేకు ప్లేటు పట్టుకున్నప్పుడే ముక్కు చిట్లించాను, చూశావు. నువ్వెందుకు పంపావు?"

అమలమ్మ లేచింది. ఇద్దరి మధ్యా ప్లేటు ఉంది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి వెనక్కి తియ్యలేదు, ముందుకీ చాపలేదు.

"తిననని ఒక్క ముక్క చెప్పి ఉంటే అది ఆ సూదులు పొడిపించుకునేది కాదు," అంది అమలమ్మ. "నేను మర్చిపోను పద్మావతీ. నువ్వేసిన ఒట్టు మర్చిపోను."

"మర్చిపోమని ఎవరడిగారు? నేనూ మర్చిపోను, వీధిలో నిలబెట్టి ఏకవచనంలో తిట్టావు."

"ఇప్పుడూ అదే అంటున్నా."

"అను. నాకేం చెవులు లేవా?" పద్మావతమ్మ మూతి తిప్పింది. పెరటివైపు గడ్డం ఎగరేసింది. "జామకాయలు దిగాయా?"

"దిగాయి. తింటావా, మళ్లీ గోడ మీంచి వేస్తావా?"

"జామకాయ తింటాను. అది ఎవరి గుళ్లో పెట్టినా జామకాయే."

అప్పుడు కర్రి లేచింది. వారం రోజులుగా గంజి నీళ్లు తప్ప మరో వాసన తగలని ముక్కు అది. నేతి వాసనకి తోక కొంచెం కదిలింది. తూలుకుంటూ వచ్చి, ముందుకాళ్లు పైకెత్తి, అలవాటైన చోటికే, ప్లేటు అంచుకి మూతి పెట్టబోయింది.

"ఏయ్!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఆ అరుపుకి పక్కింట్లో తిరుపతిరావు తువ్వాలుతో గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. మేడ మీద కనకలక్ష్మి కిటికీ తెరుచుకుంది. పద్మావతమ్మ పొంగలి ప్లేటుని రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నిలబడింది. కర్రి ఒకసారి ఆవిడ మొహం, ఒకసారి అమలమ్మ మొహం చూసింది. ఆరేళ్లలో తనకి వద్దన్నది ఇదే మొదటిసారి. దానికేమీ అర్థం కాక, అక్కడే కూలబడి, ఇద్దరి మీదా మొరగడం మొదలుపెట్టింది.